సోడా, కలరు, కూల్‌డ్రింకు



వేసవిలో సూళగిరిలో ఏ అంగడి ముందరైనా ఓ పది నిమిషాలు నిలబడండి. ఒకరు "అన్నా, ఒగ సోడా ఇయ్యి" అంటారు. ఇంకొకరు కలరు అడుగుతారు. బెంగళూరు బస్సు దిగిన కుర్రవాడు కూల్‌డ్రింకు అంటాడు. అంగడాయన ఎవరినీ మళ్ళీ అడగకుండా ఎవరి సీసా వారికి అందిస్తాడు. మనకిందులో వింతేమీ లేదు. కాని ఈ మాటల్నే వెంటబెట్టుకొని ఊరు దాటితే అర్థాలు మారిపోతాయి.

ముందు సోడా సంగతి చూద్దాం. మనకు సోడా అంటే తీపీ రంగూ లేని, గ్యాసు పట్టించిన నీళ్ళు. కోస్తా జిల్లాల్లో చాలామంది నోట ఇది షోడా. ఈ పేరు మన వంటింటి సోడా ఉప్పుకు చుట్టమే. 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రజ్ఞుడు బీరు పులిసే తొట్లమీద తేలే వాయువును నీళ్ళకు పట్టించాడు. 1783లో జెనీవాలో జేకబ్ ష్వెప్ దాన్ని వ్యాపారంగా మార్చాడు. అలాంటి నీళ్ళలో సోడా లవణాలు కలిపేవారు గనుక సోడా నీళ్ళన్నారు. ఉప్పు కలపకపోయినా పేరు మాత్రం నిలిచిపోయింది.

అమెరికాలో ఇదే మాట వేరే దారి పట్టింది. న్యూయార్కులోను, కాలిఫోర్నియాలోను సోడా అంటే తీపి పానీయం. షికాగో ప్రాంతంలో దాన్నే పాప్ అంటారు. 1886లో కోకాకోలా పుట్టిన అట్లాంటా ఉన్న దక్షిణాదిలో, సీసాలో ఏదున్నా కోక్ అనేవారు చాలామంది. హోసూరు నుండి ఉద్యోగానికి వెళ్ళిన మన అబ్బాయి అక్కడ సోడా అడిగితే గ్లాసు నిండా చక్కెర నీళ్ళు వస్తాయి. మన సోడా కావాలంటే క్లబ్ సోడా అనో, సెల్జర్ అనో అడగాలి.

గోలీ సోడాకు ఆ చిక్కు లేదు. 1870లలో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు ఆ సీసాను రూపొందించాడు. సీసాను తలకిందులుగా నింపుతారు. లోపలి గ్యాసు గోలీని మూతి దగ్గరి రబ్బరు చుట్టకు గట్టిగా ఒత్తి పట్టుకుంటుంది. వేలితో నొక్కితే 'కీచు'మని గోలీ కిందికి జారి, మెడలోని నొక్కులో ఆగుతుంది. తెలుగు, తమిళం, కన్నడం మూడింటా దాని పేరు గోలీ సోడాయే. దళసరి కళ్ళద్దాలను మనమూ తమిళులూ కూడా సోడాబుడ్డి అనే వెక్కిరిస్తాం! జపానులో ఇలాంటి సీసాలోదే రామునే. ఆ పేరు లెమనేడ్ నుండి వచ్చింది.

ఇక కలరు. రంగు సోడాలు ఆంధ్రాలోనూ ఉన్నాయి గాని, 'కలరు' అనే ఒక్క మాట పానీయానికే పేరై పాతుకుపోయింది తమిళనాట. ఇంటికొచ్చిన చుట్టానికి కలరు తెప్పించడం ఒక మర్యాద. 1916లో విరుదునగరంలో మొదలైన కాళీ మార్కు వంటి కంపెనీలు పెరిగింది ఈ అలవాటు మీదే. పన్నీర్ సోడాది మరో తమాషా. మనకు పన్నీరంటే గులాబీ నీరు. ఉత్తరాది అతిథి మాత్రం పాలు విరిచి చేసిన పనీరు ముక్కలకోసం సీసాలోకి తొంగిచూస్తాడు.

సరిహద్దు తెలుగు కలగాపులగమని ఎగతాళి చేసేవారున్నారు. అంగడి మాటలను చూస్తే ఆ ఎగతాళి నాకు అర్థంలేనిదిగా తోస్తుంది. గోలీ సోడా మూడు రాష్ట్రాల్లో చెల్లుతుంది. విడిపోయేవి పుస్తకాల మాటలే. మన రేడియో శీతల పానీయం అంటుంది, తమిళ పాఠం కుళిర్‌పానం అంటుంది, అత్తిబెలె దాటితే అది తంపు పానీయ. మూడూ చల్లని పానీయమనే చెబుతాయి, ఒకరిది ఒకరికి తెలియదు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం పదో తరగతి దాకా విడతలవారీగా తప్పనిసరి అయింది. మన పిల్లలు పరీక్షలో రాసేది కుళిర్‌పానం. తెలుగు చదవడం నేర్పకపోతే, పక్కనే ఉన్న కుప్పంలో శీతల పానీయాలు అన్న బోర్డు వారికి ఉత్త గీతలే. అంగట్లో అడిగే మాట నోటినుండి నోటికి వస్తుంది. బోర్డుమీది మాట అలా రాదు.

కంపెనీ పేర్లూ మాటలౌతాయి. 1977లో కోకాకోలా దేశం విడిచినప్పుడు ప్రభుత్వ సంస్థ తయారుచేసిన పానీయానికి ఆ ఏటి అంకెలతోనే డబుల్ సెవెన్ అని పేరు పెట్టారు. అది నిలవలేదు. అదే ఏడు వచ్చిన థమ్సప్ మాత్రం తెలుగునాట ఇంటిపేరైంది. 1993లో కోకాకోలా తిరిగివచ్చి థమ్సప్‌నే కొనుక్కుంది. జల్లికట్టు ఉద్యమం తరవాత, 2017 మార్చి 1 నుండి పెప్సీ, కోకాకోలా అమ్మబోమని తమిళనాడు వర్తక సంఘాలు ప్రకటించినప్పుడు, కాళీ మార్కు వారి బొవొంటో పేరు మళ్ళీ వినబడింది.

ఉత్తరాదిలో కోల్డ్ డ్రింక్ అన్నదాన్ని దక్షిణాదివాళ్ళం కూల్‌డ్రింకు అంటాం. ఈ మాట మనదొక్కరిదే కాదు. 1860 నుండి చెరకుతోటల పనికి మన తెలుగువాళ్ళు కూడా ఓడలెక్కి వెళ్ళిన దక్షిణాఫ్రికాలో, డర్బన్ అంగళ్ళలో ఈనాటికీ అడిగేది కూల్‌డ్రింకే.