రెండోసారి కాల్చనక్కర్లేని ఇటుక

థర్మల్ కేంద్రం బాయిలర్‌లోకి బొగ్గుతో పాటు మట్టి కూడా పోతుంది. మన దేశపు బొగ్గులో అది మరీ ఎక్కువ. 100 టన్నులు కాలిస్తే 30 నుంచి 45 టన్నుల దాకా బూడిదే తేలుతుంది. 1,400 డిగ్రీలు దాటిన మంటలో ఆ మట్టి కరిగి, పొగతో పాటు పైకి లేచి, చల్లబడేటప్పటికి కంటికి ఆనని గాజు గోళాలవుతుంది. దాన్నే ఫ్లైయాష్ అంటాం. వేసవి గాలికి బూడిద చెరువుల మీంచి లేచి చుట్టుపక్కల ఊళ్లను కమ్మేసే ఆ దుమ్ము, ఇటుక బట్టీలో ఉండే 1,000 డిగ్రీల కంటే ఎక్కువ వేడిని ఒకసారి చూసి వచ్చిన మట్టి. దాన్ని మళ్లీ కాల్చే పని లేకుండా ఇటుక చేయవచ్చా?

ఇలా కాలిన మట్టిలో సున్నం కలిపితే అది రాయవుతుందని రోమన్లకు తెలుసు. వాళ్లు అగ్నిపర్వతాల బూడిద వాడారు. మన మేస్త్రీలు గానుగ సున్నంలో సుర్కీ, అంటే ఇటుక పొడి, కలిపింది కూడా ఈ గుణం కోసమే. చిక్కల్లా నిదానంతోనే. సున్నం, బూడిద కలిసి గట్టిపడటానికి వారాలు పడుతుంది. అచ్చులోంచి తీసిన ఇటుక అంతదాకా ఆగదు, అంచులు రాలిపోతాయి. 1880లో జర్మనీలో విల్‌హెల్మ్ మిఖాయెలిస్ సున్నం, ఇసుక కలిపిన ఇటుకను అధిక పీడనపు ఆవిరిలో ఉడికించి ఈ నిదానాన్ని దాటాడు. కానీ అంతటి ఆవిరి యంత్రం చిన్న ఇటుకల వ్యాపారి కొనగలిగేది కాదు.

విశాఖపట్నంలోని ఇన్‌స్వరెబ్ సంస్థలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఆ ఆవిరి అక్కర లేకుండా చేశారు. బూడిద, సున్నంతో పాటు జిప్సం చేర్చారు. బూడిదలోని అల్యూమినా, సున్నం, జిప్సం కలిసి నీటిలో త్వరగా సూదుల్లాంటి ఎట్రింగైట్ స్ఫటికాలను అల్లుతాయి. ఇటుకకు తొలి రోజుల పట్టు అదే. ఆ తర్వాత సిలికా, సున్నం తమ నిదానపు పని తాము చేసుకుంటాయి, నెలల తరబడి బలం పెరుగుతూనే ఉంటుంది. దీనికి ఫాల్-జి అని పేరు పెట్టారు. ఇందులో నాకు బాగా నచ్చేది ముడిసరుకు. ఎరువుల కర్మాగారంలో మిగిలే ఫాస్ఫోజిప్సం, అసిటిలీన్ వాయువు తయారీలో మిగిలే కార్బైడ్ సున్నం కూడా ఇందులో పనికొస్తాయి. మూడు చోట్ల పారబోసే మూడు వ్యర్థాలు ఒకే అచ్చులో ఇటుకవుతాయి!

పాన్ మిక్సర్, ప్రెస్సు, నీటి తొట్టి ఉంటే యూనిట్ నడుస్తుంది. బట్టీలో కాలాల్సిన బొగ్గు మిగిలిందని లెక్కగట్టి, ప్రపంచ బ్యాంకు నిర్వహించిన కార్బన్ నిధి ఈ ఇటుకల యూనిట్లకు కార్బన్ క్రెడిట్ల సొమ్ము ఇచ్చింది. 1999లో కేంద్రం బూడిద వాడకంపై నోటిఫికేషన్ తెచ్చాక యూనిట్లు పెరిగాయి.

ఇప్పుడు చాలా చోట్ల సున్నం, జిప్సం మానేసి సిమెంటు వేస్తున్నారు, తొందరగా అమ్ముకోవచ్చని. చెరువులో నానిన ముతక బూడిద వాడితే చర్య మందగిస్తుంది; పొడిగా పట్టిన సన్నటి బూడిదే మేలు. అన్నిటికన్నా పెద్ద నష్టం తడపడంలో చేసే కక్కుర్తి. నీళ్లందకపోతే గాజు గోళాలు ఇటుకలో ఉత్త దుమ్ముగానే ఉండిపోతాయి. ఇల్లు కట్టేవాళ్లు ధర కంటే ముందు అడగాల్సింది, ఈ ఇటుకను ఎన్ని రోజులు తడిపారని.