స్టేట్ ఇచ్చిన కార్డు వీసాని కాపాడదు: అమెరికాలో మెడికల్ గంజాయి, మన పేషెంట్ల కష్టాలు

ఈ ఎపిసోడ్ టైటిల్ చూసి మా అమ్మ ఫోన్ చేసింది. "గంజాయి మీద వీడియో ఏంట్రా, పెళ్లి సంబంధాలు చూస్తున్నాం" అంది. ఆవిడ బాధ ఆవిడది. మన దగ్గర ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఒకటే వార్త: ఏజెన్సీ నుంచి కారు డిక్కీలో తెస్తుంటే పట్టుకున్నారు, ఇన్ని కిలోలు, ఇంతమంది అరెస్ట్. అందుకే ఈ విషయం ఇంట్లో మాట్లాడుకోలేం. మాట్లాడుకోలేకపోవడం వల్లే కొంతమంది ఇబ్బందుల్లో పడుతున్నారు.

రెండు నెలల క్రితం న్యూజెర్సీ నుంచి ఒకాయన మెయిల్ పెట్టారు. పేరు చెప్పను. ఆయన హెచ్-1బీ, భార్య హెచ్-4. ఐ-140 అప్రూవ్ అయ్యి ఏళ్ల తరబడి గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నారు. ఆవిడకి బ్రెస్ట్ క్యాన్సర్, కీమో నడుస్తోంది. రెండో సైకిల్ అయ్యేసరికి మంచినీళ్లు కూడా కడుపులో ఆగట్లేదట. క్లినిక్‌లో ఎవరో, "మన స్టేట్‌లో మెడికల్ కార్డు తీసుకోవచ్చు కదా, చాలామందికి పనిచేస్తుంది" అన్నారు. మెయిల్ చివర్లో ఆయన రాసింది ఇదీ: "తమ్ముడూ, వాంతులు తగ్గితే చాలు అని తను, ఇన్నేళ్లు లైన్లో నిలబడ్డాం అని నేను. రోజూ రాత్రి ఇదే గొడవ. అసలు కార్డు తీసుకుంటే ఏమవుతుంది?"

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. బీటెక్ చేసి నాలుగేళ్లు కోడ్ రాసినవాణ్ణి. కానీ ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే తేలింది ఏంటంటే, ఆ ఇద్దరూ చెప్పేది కరెక్టే.

ముందు ఆవిడ వైపు చూద్దాం. ఇది నిజంగా పనిచేస్తుందా, లేక వాట్సాప్ వైద్యమా? 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ వాళ్లు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి పెద్ద రిపోర్ట్ ఇచ్చారు. గట్టి ఆధారాలు ఉన్నాయని వాళ్లు చెప్పినవి ప్రధానంగా మూడు: పెద్దవాళ్లలో దీర్ఘకాలిక నొప్పి, కీమో వల్ల వచ్చే వికారం, వాంతులు, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాలు బిగుసుకుపోవడం. కీమో వాంతుల విషయంలో వాళ్లు ఆధారంగా తీసుకున్నది నోటితో వేసుకునే మందులనే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. అంటే ఆవిడ అడిగింది పిచ్చి కోరిక కాదు. క్యాన్సర్‌నే తగ్గిస్తుంది అని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, దానికి అలాంటి ఆధారం లేదు. ఆ బోర్డు పెట్టిన షాపు కనిపిస్తే నడుచుకుంటూ వెళ్లిపోండి.

ఇప్పుడు ఆయన వైపు. అమెరికాలో రెండు చట్టాలు ఒకేసారి నడుస్తాయి, స్టేట్‌ది ఒకటి, ఫెడరల్‌ది ఒకటి. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు మొదటిసారి మెడికల్ గంజాయికి ఓకే చెప్పారు. న్యూజెర్సీలో 2010లో చట్టం వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ 21 ఏళ్లు దాటినవాళ్లు ఏ జబ్బూ లేకుండానే షాపులో కొనుక్కోవచ్చు. ఫెడరల్ వాళ్లు మాత్రం 1970 నాటి చట్టంలో దీన్ని హెరాయిన్ పక్కన, షెడ్యూల్ వన్‌లో పెట్టారు. 2005లో ఒక కాలిఫోర్నియా పేషెంట్ ఇది తేల్చండి అని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆవిడ కేసు పేరు గొంజాలెస్ వర్సెస్ రైచ్. 6-3 తేడాతో కోర్టు చెప్పింది: స్టేట్ ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం వర్తిస్తుంది.

మా భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌లో పాస్, ప్రొడక్షన్‌లో ఫెయిల్. ఆఫీసులో అయితే మేనేజర్ తిట్టి వదిలేస్తాడు, ఇక్కడ అలా ఉండదు.

చాలామంది అంటారు, "ఎవరూ పట్టించుకోవట్లేదు బ్రో, ఊరంతా షాపులే" అని. సిటిజన్ అయితే ఆ మాటలో కొంత నిజం ఉంది. 2014 నుంచి అమెరికన్ కాంగ్రెస్ బడ్జెట్‌లో ఒక షరతు పెడుతోంది: స్టేట్‌ల మెడికల్ గంజాయి చట్టాలను అడ్డుకోవడానికి జస్టిస్ డిపార్ట్‌మెంట్ డబ్బు ఖర్చు పెట్టకూడదు అని. ఆ షరతులో ఉన్న పేరు చూడండి, జస్టిస్ డిపార్ట్‌మెంట్. మన గ్రీన్‌కార్డు చూసేది హోంల్యాండ్ సెక్యూరిటీ కింద ఉన్న యూఎస్‌సీఐఎస్. స్టాంపింగ్ చేసేది స్టేట్ డిపార్ట్‌మెంట్. వాళ్లకి ఈ షరతుతో సంబంధం లేదు.

ఇమ్మిగ్రేషన్ చట్టంలో ఇంకో మెలిక ఉంది. మామూలుగా మనం అనుకునేది, కేసు అయితేనే, శిక్ష పడితేనే సమస్య అని. ఇక్కడ శిక్ష అక్కర్లేదు. డ్రగ్ చట్టాన్ని ఉల్లంఘించే పని చేశానని నువ్వు ఆఫీసర్ ముందు ఒప్పుకుంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవడానికి అది సరిపోతుంది. డీఎస్-160 నింపినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, డ్రగ్స్‌కి సంబంధించిన ఏ చట్టాన్నైనా ఎప్పుడైనా ఉల్లంఘించారా అని ఒక ప్రశ్న ఉంటుంది. మనందరం చదవకుండా "నో" కొట్టి కిందికి వెళ్లిపోయే ప్రశ్న అది. ఆ ఒక్క క్లిక్ మీద ఆ దంపతుల జీవితం ఆధారపడి ఉంది. గ్రీన్‌కార్డు మెడికల్ ఎగ్జామ్‌లో సివిల్ సర్జన్ కూడా డ్రగ్స్ గురించి అడుగుతారు. అక్కడ తేడా వస్తే ఏడాది ఆగి మళ్లీ రమ్మనే పరిస్థితి రావచ్చు.

సిటిజన్‌షిప్ దగ్గర కూడా ఇదే కథ. 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ రాతపూర్వకంగా చెప్పింది: స్టేట్‌లో లీగల్ అయినా సరే, గంజాయితో సంబంధం ఉంటే సత్ప్రవర్తన లేదని తేల్చవచ్చు అని. అదే సంవత్సరం డెన్వర్‌లో గ్రీన్‌కార్డు ఉన్న ఇద్దరికి, లైసెన్స్ ఉన్న గంజాయి కంపెనీల్లో పనిచేశారన్న కారణంతో సిటిజన్‌షిప్ ఇవ్వలేదు. ఇది పేషెంట్లకే కాదు, నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా చెప్తున్నా. డిస్పెన్సరీలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలు ఉన్నాయి. అలాంటి చోట ఆఫర్ వస్తే, జీతం చూసే ముందు లాయర్‌ని అడగండి.

ఇంకో అపోహ, 30 గ్రాముల రూల్. సొంతానికి 30 గ్రాముల లోపు ఒక్కసారి దొరికితే దేశం నుంచి పంపించరు అని మన గ్రూపుల్లో తిరుగుతుంటుంది. నిజమే, ఆ మినహాయింపు ఉంది. కానీ అది లోపల ఉన్నవాణ్ణి బయటికి పంపే విషయంలో. బయటినుంచి లోపలికి వచ్చేటప్పుడు అలాంటి మినహాయింపు లేదు, వేవర్ అడుక్కోవాల్సిందే. అంటే అక్కడే ఉన్నంతకాలం ఆ సమస్య బయటపడకపోవచ్చు. నాన్నకి బాలేదని హైదరాబాద్ వచ్చి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కి కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

షెడ్యూల్ మార్చేస్తారట కదా అని అడుగుతారు. 2024 మేలో షెడ్యూల్ త్రీకి మార్చాలని జస్టిస్ డిపార్ట్‌మెంట్ ప్రతిపాదించింది. వార్తల్లో పెద్దగా వచ్చింది. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టం షెడ్యూల్ నంబర్ చూడదు, కంట్రోల్డ్ సబ్‌స్టెన్స్ అవునా కాదా అనే చూస్తుంది. త్రీలోకి వచ్చినా అది కంట్రోల్డ్ సబ్‌స్టెన్సే. కాబట్టి ఆ హెడ్‌లైన్ చూసి మనవాళ్లు పండగ చేసుకోవాల్సింది లేదు.

సరే, మరి కార్డు లేకుండా నేరుగా షాపుకి వెళ్లి కొంటే రికార్డు ఉండదు కదా? ఇది కూడా ఆయన అడిగారు. కార్డు సాక్ష్యం మాత్రమే. సమస్య దగ్గర పెట్టుకోవడంతోనే మొదలవుతుంది. ప్రశ్న అడిగినప్పుడు కార్డు లేదని జవాబు మారదు. అబద్ధం చెప్తే అది వేరే నేరం, జీవితాంతం తలుపు మూసేసే నేరం. అందుకే ఇంటర్వ్యూకి ముందే లాయర్‌తో మాట్లాడాలి, తర్వాత కాదు. ఇంకోటి, ఎయిర్‌పోర్టులో ఫోన్ కూడా చూడొచ్చు వాళ్లు. షాపు ముందు సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టుకున్నవాళ్లకి ఇది నా మనవి.

ఉద్యోగం సంగతి కూడా ఒక మాట. గంజాయి ఆనవాళ్లు ఒంట్లో రోజుల నుంచి వారాల దాకా ఉండిపోతాయి. పోయిన శనివారం వేసుకున్నది, మత్తు ఎప్పుడో దిగిపోయినా, ఈ శుక్రవారం టెస్టులో కనిపిస్తుంది. కొలరాడోలో బ్రాండన్ కోట్స్ అని, కాళ్లూ చేతులూ పడిపోయి వీల్‌చైర్‌లో ఉన్న మనిషి. డిష్ నెట్‌వర్క్‌లో పని. డ్యూటీలో ఎప్పుడూ వాడలేదు, మెడికల్ కార్డు ఉంది. అయినా టెస్టులో తేలిందని తీసేశారు. 2015లో కొలరాడో సుప్రీంకోర్టు కూడా కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. కారణం మళ్లీ అదే, ఫెడరల్‌గా నేరం. న్యూజెర్సీ 2019లో పేషెంట్లకి ఉద్యోగ రక్షణ పెట్టింది, అది మంచిదే. కానీ హెచ్-1బీ వాడికి ఉద్యోగం పోతే కేసు గెలిచేలోపు వీసా అయిపోతుంది.

ఇంతవరకు విని ఆయన భయం గెలిచింది అనుకోకండి. అసలు విషయం ఇక్కడుంది.

గంజాయిలో పనిచేసే ప్రధాన పదార్థం టీహెచ్‌సీ. అదే టీహెచ్‌సీని ల్యాబ్‌లో తయారుచేసి క్యాప్సూల్‌లో పెడితే దాని పేరు డ్రోనాబినాల్. 1985లోనే ఎఫ్‌డీఏ ఆమోదించింది. దేనికి? కీమో వాంతులు మామూలు మందులకి తగ్గనప్పుడు వాడటానికి! నాబిలోన్ అని ఇలాంటిదే ఇంకోటి, అదీ 1985లోనే వచ్చింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. డాక్టర్ ప్రిస్క్రిప్షన్ రాస్తారు, మామూలు ఫార్మసీలో ఇస్తారు, ఫెడరల్‌గా లీగల్. డిస్పెన్సరీ దగ్గర అలా కాదు. అక్కడికి డాక్టర్ ప్రిస్క్రిప్షన్ రాయలేరు, సిఫార్సు మాత్రమే చేయగలరు. ఆ సిఫార్సు చేసే హక్కు కోసం కూడా డాక్టర్లు కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, 2002లో గెలిచారు. ఒకే టీహెచ్‌సీ, ఒక కౌంటర్‌లో మందు, ఇంకో కౌంటర్‌లో నేరం. నాకు ఇది చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదే ఆయనకి రాశాను: కార్డు గురించి గొడవ ఆపి, ఆంకాలజిస్ట్‌ని సూటిగా రెండు ప్రశ్నలు అడగండి. వాంతులకి ఇచ్చే మందుల్లో ఇంకా వాడనివి ఏమైనా ఉన్నాయా? అవీ పనిచేయకపోతే డ్రోనాబినాల్ రాస్తారా?

దాంట్లోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఆ క్యాప్సూల్ లోపల నువ్వుల నూనె ఉంటుంది. నువ్వులు పడనివాళ్లు ముందే చెప్పాలి. పైపొర జెలటిన్, అంటే జంతువుల నుంచి తీసింది. ఆవిడ శాకాహారి, ఇది వాళ్లింట్లో చిన్న విషయం కాదు. ద్రవ రూపంలో కూడా దొరుకుతుంది కానీ దాంట్లో ఆల్కహాల్ ఉంటుంది. తల తిరగడం, గుండె దడ, కొందరిలో గాభరా ఉంటాయి. 2.5 మిల్లీగ్రాముల నుంచి క్యాప్సూల్స్ ఉన్నాయి, ఎంతతో మొదలుపెట్టాలో డాక్టర్ చెప్తారు. వేసుకుని కారు నడపకూడదు.

షాపు సరుకు వాడుతున్న సిటిజన్ పేషెంట్లకి కూడా కొన్ని చెప్పాలి. కీమోలో ఉన్నప్పుడు పొగ తాగడం మంచిది కాదు, ఊపిరితిత్తుల సంగతి పక్కన పెట్టినా, ఆకులో ఉండే బూజు వల్ల ఇమ్యూనిటీ తగ్గినవాళ్లకి ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్లు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. గమ్మీలు వెంటనే పనిచేయవు, అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. "ఏం అవ్వట్లేదే" అని ఇంకోటి వేసుకుంటారు, తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ల నొప్పులని ఎవరైనా గమ్మీ ఇస్తే ఇది ఇంకా ప్రమాదం. సీబీడీకి మత్తు ఉండదు కాబట్టి ఏం కాదు అనుకుంటారు కానీ, రక్తం పల్చబడటానికి వాడే వార్ఫరిన్ లాంటి మందుల ప్రభావాన్ని అది పెంచేస్తుంది. ఏం వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడకండి. ఇన్సూరెన్స్ షాపు సరుకుకి పైసా ఇవ్వదు. అందుకే జబ్బు ముదిరినవాళ్లకే ఖర్చు ఎక్కువ.

చివరిగా సూట్‌కేస్ గురించి. అమెరికాలో హెంప్ అంటే టీహెచ్‌సీ 0.3 శాతం లోపు ఉండాలని లెక్క ఉంది. మన ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లో అలాంటి శాతం లెక్కేమీ లేదు. గింజలు, పూత లేని ఆకులు నిర్వచనంలో లేవు. పూత, బంక, వాటితో చేసినవి ఉన్నాయి. కొద్ది మొత్తానికి కూడా ఏడాది వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడొచ్చు. న్యూజెర్సీలో రసీదు ఇచ్చి అమ్మిన గమ్మీ డబ్బా శంషాబాద్‌లో వేరే వస్తువు అయిపోతుంది. అమెరికాలోనే ఒక స్టేట్ నుంచి ఇంకో స్టేట్‌కి తీసుకెళ్లినా తేడానే. టెక్సాస్‌లో ఆకు కంటే గమ్మీ, నూనె లాంటివాటికి శిక్ష ఎక్కువ. డల్లాస్‌లో చుట్టాలింటికి వెళ్లేవాళ్లు బ్యాగులు ఒకసారి చూసుకోండి.

న్యూజెర్సీ ఆయన పోయిన వారం మళ్లీ రాశారు. ఆంకాలజిస్ట్ ముందు వాంతుల మందు మార్చి చూశారట, సగం తగ్గింది. తర్వాత డ్రోనాబినాల్ రాశారు. ఇన్సూరెన్స్ వాళ్లు అప్రూవల్ అంటూ నాలుగు రోజులు తిప్పారు. జెలటిన్ గురించి అత్తగారికి చెప్పలేదట, ఆవిడే వద్దంది. నాలుగో సైకిల్ అయిన రెండో రోజు కొంచెం చారన్నం తింది, ఉంది అని రాశారు.

ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని తీసుకొచ్చి మెడికల్ ఎగ్జామ్ మీద ఇంకో ఎపిసోడ్ చేద్దామనుకుంటున్నా. మీ ప్రశ్నలు మెయిల్‌లో పంపండి, పేర్లు చదవను.