లేచి కుంగే నేల మీద పొట్సువోలి

ఇటలీ పడమటి తీరాన, నేపుల్స్ నగరానికి పశ్చిమంగా పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవు పట్టణం పొట్సువోలి. జనాభా డెబ్బై అయిదు వేల పైచిలుకు. రేవులో చేపల పడవలు, ప్రోచిదా, ఇస్కియా దీవులకు వెళ్లే ఓడలు, వెనక మెట్లు మెట్లుగా ఎక్కిపోయే ఇళ్లు. పైకి చూస్తే మధ్యధరా తీరంలోని ఏ చిన్న పట్టణమైనా ఇలాగే ఉంటుంది. తేడా అంతా కాళ్ల కింద ఉంది. నేపుల్స్‌కు తూర్పున ఉన్న వెసూవియస్ అందరికీ తెలిసిన అగ్నిపర్వతం. పొట్సువోలి మాత్రం అగ్నిపర్వతానికి పక్కన కాదు, దాని లోపలే, ఇంచుమించు నడిమధ్యన ఉంది.

ఆ అగ్నిపర్వతం పేరు కాంపి ఫ్లెగ్రేయి. దీనికి శిఖరం లేదు. సుమారు 40 వేల ఏళ్ల క్రితం ఒకసారి, 15 వేల ఏళ్ల క్రితం మరోసారి భారీగా పేలి, పై నేల కూలిపోగా మిగిలిన పెద్ద పల్లం ఇది. వెడల్పు 12 నుంచి 15 కిలోమీటర్లు. కొంత భాగం సముద్రంలో మునిగి ఉంది, మిగతా దాని మీద లక్షల మంది కాపురముంటున్నారు. పల్లం నిండా చిన్న చిన్న బిలాలు, వేడినీటి ఊటలు, గంధకపు పొగలు.

ఇంత ప్రమాదకరమైన చోటును జనం వదిలిపెట్టకపోవడానికి కారణం రేవు. సామోస్ దీవిలో నియంత పాలన భరించలేక వచ్చిన గ్రీకులు క్రీ.పూ. 6వ శతాబ్దంలో ఇక్కడ డికైయార్కియా అనే ఊరు కట్టుకున్నారు. క్రీ.పూ. 194లో ఇది రోమన్ల వలస పట్టణమైంది, పేరు పుటెయోలి. రోమ్ దగ్గర అప్పటికి పెద్ద ఓడలు నిలిచే మంచి రేవు లేదు. అందుకని రాజధానికి తిండిగింజలు మోసే అలెగ్జాండ్రియా ఓడలు ఇక్కడే లంగరు వేసేవి. ఆ ఓడలు దూరాన కనబడగానే ఊరంతా రేవు గట్టు మీదికి పరుగెత్తేదని తత్త్వవేత్త సెనెకా తన లేఖల్లో వర్ణించాడు. రోమ్‌కు బందీగా వెళుతూ అపొస్తలుడైన పౌలు ఓడ దిగి ఏడు రోజులు ఉన్నదీ ఇక్కడే. తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యములలో కనబడే పొతియొలీ ఈ ఊరే.

మన సముద్రంతోనూ ఈ రేవుకు లావాదేవీలుండేవి. భారతదేశపు మిరియాలూ ఇతర సరుకులూ ఎర్రసముద్రం దాటి, ఎడారి బాటల మీదుగా నైలు నదికి చేరి, అలెగ్జాండ్రియాలో మళ్లీ ఓడలెక్కి ఇటువైపు వచ్చేవి. ఈజిప్టు ఎడారిలో ఎర్రసముద్రపు రేవులకు పోయే దారి పక్కన క్రీ.శ. 6వ సంవత్సరపు రాత ఒకటి దొరికింది. దాన్ని చెక్కించినవాడు అన్నియస్ ప్లోకమస్ అనే వర్తకుడి బానిస. ఈ వర్తక కుటుంబం పుటెయోలిదేనని చరిత్రకారులు భావిస్తారు. ప్లోకమస్ మనిషి ఒకడు గాలివాటున కొట్టుకుపోయి సింహళానికి చేరిన కథను రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ఊరి నేల నుంచి ప్రపంచానికి అందిన మరో సరుకు బూడిద. ఇక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపితే నీళ్లలో కూడా గట్టిపడుతుందని రోమన్లు కనిపెట్టారు. సముద్రంలో రేవు గోడలు కట్టగలిగింది దీనితోనే. దాని పేరే పోట్సోలానా. మన ఊళ్లలో ఇల్లు కట్టేవాళ్లు కొనే పీపీసీ సిమెంటు బస్తా మీద ఉండే ‘పోజోలానా’ అన్న మాట ఈ ఊరిదే. కాకపోతే మన దగ్గర వాడేది ఎక్కువగా థర్మల్ కేంద్రాల బూడిద.

క్రీ.శ. 1వ శతాబ్దంలో క్లాడియస్ చక్రవర్తి, తరువాత ట్రాజన్ రోమ్‌కు దగ్గర్లోనే ఓస్టియా వైపు కొత్త రేవులు కట్టించడంతో పుటెయోలి వ్యాపారం తరిగిపోయింది. దానికి తోడు నేల కుంగడం మొదలైంది. రేవు కట్టడాలు, పక్కనున్న బాయియేలో సంపన్నుల విలాస భవనాలు మెల్లగా సముద్రం పాలయ్యాయి. ఆ గోడలను, మొజాయిక్ నేలలను ఇప్పుడు అడుగున అద్దాలున్న పడవల్లోంచి, లేదా ఈతగాళ్ల వెంట నీళ్లలో దిగి చూడవచ్చు.

నేల ఇలా లేచి కుంగడాన్ని శాస్త్రజ్ఞులు బ్రాడిసీజం అంటారు. ఎసరు మరిగి మూత కదిలినట్టు, అడుగున వేడి వాయువులు, నీళ్లు, శిలాద్రవం ఒత్తిడి పెంచితే పైనేల లేస్తుంది, తగ్గితే కుంగుతుంది. ఇందులో దేని వంతు ఎంతన్నది ఇంకా వాదనలోనే ఉంది. నేల లేచి కుంగుతుందనడానికి కళ్లెదుటి సాక్ష్యంగా రేవు పక్కనే ఒక పాత కట్టడం ఉంది. 1750లో తవ్వకాల్లో బయటపడ్డ ఆ కట్టడంలో సెరాపిస్ దేవుడి విగ్రహం దొరకడంతో గుడి అనుకున్నారు. నిజానికది రోమన్ల అంగడి. అక్కడ నిలిచిన మూడు పాలరాతి స్తంభాల మీద మనిషి ఎత్తుకు రెట్టింపు చోట, ఒక పట్టీలా చుట్టూ చిన్న చిన్న రంధ్రాలున్నాయి. రాతిని తొలిచే సముద్రపు ఆల్చిప్పలు చేసిన పని అది. అంటే నిలువునా ఉన్న స్తంభాలతో సహా నేల సముద్రంలో మునిగి, మళ్లీ పైకి వచ్చిందన్నమాట. భూమి రూపం మెల్లగా నిరంతరం మారుతుందని వాదించిన చార్లెస్ లయెల్, 1830లో అచ్చయిన తన భూగర్భశాస్త్ర గ్రంథానికి ముఖచిత్రంగా ఈ స్తంభాల బొమ్మనే వేసుకున్నాడు. పొట్సువోలిలో ఒక్కటే చూసే వ్యవధి ఉంటే చూడాల్సింది ఇదే.

1538 సెప్టెంబరులో నేల వేగంగా ఉబ్బింది. సముద్రం వెనక్కి తగ్గి, చేపలు ఒడ్డున పడ్డాయి. ఆ నెలాఖరున మొదలైన విస్ఫోటనం వారం రోజుల్లో ట్రిపెర్గోలే అనే ఊరిని కప్పేసి, ఓ కొత్త కొండను నిలబెట్టింది. దాని పేరు మోంటె నువోవో, కొత్తకొండ. ఎత్తు 133 మీటర్లు. ఇక ఆగిందనుకుని చూడడానికి కొండెక్కిన 24 మంది ఆఖరి పేలుడులో చనిపోయారు. జనం ఊరొదిలి పారిపోతుంటే, స్పెయిన్ రాజప్రతినిధి పేద్రో దె తొలేదో పన్నులు మాఫీ చేసి, తానూ అక్కడే భవనం కట్టుకుని వాళ్లను వెనక్కి రప్పించాడు.

తరువాత కొన్ని శతాబ్దాలు కుంగిన నేల 20వ శతాబ్దంలో తిరగబడింది. 1970 మార్చిలో రేవు పక్కన గుట్ట మీదున్న పాతబస్తీ రియోనె టెర్రాను ప్రభుత్వం హడావిడిగా ఖాళీ చేయించింది. 1982 నుంచి 1984 వరకు నేల మరో 1.8 మీటర్లు లేచింది. రేవులో లోతు తగ్గి పడవలు గట్టుకు ఆనలేకపోయాయి. దాదాపు 40 వేల మంది ఇళ్లు విడవగా, వాళ్ల కోసం మోంటెరుషెల్లో అనే కొత్త పేట కట్టారు. 2005 నుంచి నేల మళ్లీ లేస్తోంది. 2024 మేలో 4.4, 2025 మార్చిలో 4.6 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. వెసూవియస్ పరిశోధనశాల రేయింబవళ్లు కొలతలు తీస్తూ ఉంటుంది.

చూడదగ్గవాటిలో ఫ్లావియన్ యాంఫీథియేటర్ ఇటలీలో మూడో పెద్దది. మృగాల బోనులను పైకి లాగిన భూగర్భ గదులు చెక్కుచెదరలేదు. నేపుల్స్ కొలిచే సాన్ జెన్నారోను మృగాల ముందు పడేసేందుకు తెచ్చింది ఇక్కడికేనని ఐతిహ్యం. జనం ఖాళీ చేసిన రియోనె టెర్రా కింద రోమన్ వీధులు, అంగళ్లు బయటపడ్డాయి. పైనున్న ప్రధాన చర్చి కథ మరీ విచిత్రం. 1964లో అది తగలబడినప్పుడు గోడల సున్నం రాలి, లోపల దాగిన అగస్టస్ కాలపు ఆలయ స్తంభాలు బయటికొచ్చాయి. 2014లో గుడినీ చర్చినీ కలిపే బాగుచేశారు. ఆర్టెమీసియా జెంటిలెస్కి గీసిన చిత్రాలు లోపల ఉన్నాయి. నటి సోఫియా లోరెన్ పెరిగింది ఈ ఊళ్లోనే.

పొగలు కక్కే సోల్ఫటారా బిలంలో 2017లో ఒక కుటుంబంలో ముగ్గురు మరణించాక దాన్ని మూసేశారు. నేపుల్స్ నుంచి కుమానా రైలుగానీ మెట్రోగానీ ఎక్కితే ఊరు చేరడం సులువే. భూకంపాల మూలంగా ఏ కట్టడం ఎప్పుడు మూస్తారో చెప్పలేం కాబట్టి, ఏవి తెరిచి ఉన్నాయో ముందుగా వాకబు చేసుకుని బయల్దేరడం మంచిది.