నూనెను విఱుచు పొడి

మా గుండ్లపోచంపల్లికి దాపుననున్న సికింద్రాబాదునకు విశాఖపట్టణమునుండి పెట్రోలు గొట్టముగుండ వచ్చుచున్నది. 1957లో ఆరంభమైన అచ్చటి శుద్ధికర్మాగారములో, ముడినూనెను బట్టీపట్టగా మిగిలిన చిక్కని నూనెను విఱుచుటకొక పొడి కలదు. దానినే ఉత్ప్రేరకమందురు. పాలకు తోడువంటిదని చెప్పబోయి మానుకొంటిని. తోడు పెరుగులో కలిసిపోవును, ఇది కలియదు.

దీని తయారీ కుమ్మరిపనికి దగ్గఱ. జియోలైటను పదార్థమును తెల్లని బంకమట్టితో నీట కలిపి, వేడిగాలిలోనికి తుంపరలుగా చిమ్మి యారబెట్టి, కాల్తురు. ఇసుకకంటె సన్నని గింజలగును. ఆ గింజల రంధ్రములలోనే నూనె విఱిగి పెట్రోలగును. అయితే కొన్ని క్షణములలోనే వానికి మసిపట్టి పని చెడును. పాఱవేయరు. వేఱొక పాత్రలో గాలి యూది, సుమారు 700 డిగ్రీల వేడిలో మసిని కాల్చి, మరల నూనెలోనికి పంపుదురు. మసి కాలిన యా వేడియే నూనె విఱుగుటకు అక్కఱకు వచ్చును! ముడినూనెలోని నికెలు, వెనేడియము మాత్రము కాలిపోవు. అవి పేరుకొన్నకొలది పాతపొడి కొంత తీసి క్రొత్తది కలుపుచుందురు.