ప్రాసెసరు జాతి నెఱుగుట

కంప్యూటరునందు గణనమంతయు జరుపు భాగమునకు ప్రాసెసరని పేరు. ప్రాసెసరులన్నియు నొక్క తీరువి కావు. క్రొత్తదానికి దెలిసిన ఆజ్ఞలు కొన్ని పాతదానికి దెలియవు. తెలియని ఆజ్ఞ యెదురైనచో నేటి ప్రాసెసరు దానిని నిరాకరించును. ఆ ప్రోగ్రాము సామాన్యముగా నచ్చటనే కూలును. కావున ప్రోగ్రాము తాను ఎట్టి ప్రాసెసరుపై నడచుచున్నదో ముందుగా నెఱుగవలయును.

పూర్వ మిది పరీక్షించి పట్టవలసిన సంగతి. ఇంటెల్ కంపెనీవారి 8086 ప్రాసెసరు 1978లోను, 80286 ప్రాసెసరు 1982లోను వెలువడినవి. రెంటికిని తమ పేరు చెప్పుకొను నేర్పు లేదు. అయితే వానియందు ఫ్లాగుల రిజిస్టరను 16 బిట్ల గూడు గలదు. దాని పై నాలుగు బిట్లను సున్నలు చేయబోయినను 8086లో నవి ఒకట్లుగానే యుండును. 80286లో, రియల్ మోడను స్థితియందు, ఒకట్లు చేయబోయినను సున్నలుగానే యుండును. కంసాలి గీటురాయిపై బంగారమును గీచి వన్నె కనిపెట్టినట్లు, ఈ మొండితనమును బట్టియే ప్రోగ్రాములు వ్రాయువారు ప్రాసెసరు జాతిని నిర్ణయించెడివారు.

1993లో వచ్చిన పెంటియముతో ఈ శ్రమ తగ్గెను. దానియందును, 80486 యొక్క కడపటి రకములందును సి.పి.యు.ఐ.డి. అను ఆజ్ఞ చేర్చబడినది. సున్న సంఖ్యతో ఈ ఆజ్ఞ నిచ్చినచో ప్రాసెసరు మూడు రిజిస్టరులలో నాలుగేసి చొప్పున 12 ఆంగ్లాక్షరములు నింపును. ఇంటెల్ వారిదైనచో ‘జెన్యూయిన్‌ఇంటెల్’ అనియు, ఏ.ఎం.డి. వారిదైనచో ‘ఆథెంటిక్‌ఏఎండి’ అనియు నుండును. ఒకటి సంఖ్యతో నడిగినచో తనకేయే విద్యలు వచ్చునో బిట్టు బిట్టుగా దెలుపును. పేరునుబట్టి విద్య నూహించుటకంటె విద్యనే యడుగుట మేలు. ఒకే కంపెనీ ప్రాసెసరులలోను భేదములు గలవు గదా!

సెల్‌ఫోనులలో విరివిగా నుండు ఆర్మ్ జాతి ప్రాసెసరుల పద్ధతి వేఱు. వాని గుర్తింపు రిజిస్టరును నేరుగా చదువు నధికారము ఆపరేటింగు సిస్టమునకే కలదు. సామాన్య ప్రోగ్రాము దానినే యడుగవలయును.

అసలు చిక్కు వర్చువల్ మెషీనులందు గలదు. ఒక కంప్యూటరులో పెక్కు కల్పిత కంప్యూటరులను నడపు ప్రోగ్రామునకు హైపర్‌వైజరని పేరు. కల్పిత కంప్యూటరులో సి.పి.యు.ఐ.డి. ప్రశ్న వేసినచో నది హైపర్‌వైజరు చేతికి పోవును. జవాబును దిద్ది పంపునది అదియే. నిజమైన ప్రాసెసరు సున్నగా నుంచు నొక బిట్టును ఒకటిగా జేసి తన యునికిని దెలుపుట హైపర్‌వైజరుల యాచారము.

జవాబు దిద్దుట మోసము గాదు. నడచుచున్న కల్పిత కంప్యూటరును ఆపకయే వేఱొక యంత్రమునకు మార్చుట గలదు. ప్రోగ్రాము మొదట నొక్కసారి యడిగి తెలిసికొన్నదానినే కడవఱకు నమ్మియుండును. క్రొత్త యంత్రమునుండి పాతదానికి మారినచో, అచ్చట లేని విద్యను గోరి కూలిపోవును. అందుచే నట్టి కేంద్రములవారు తమ యంత్రములలో మిక్కిలి పాతదానికి దెలిసిన విద్యలనే అన్నిటిచేతను చెప్పింతురు. విరాటుని కొలువునందలి పాండవులవలె, క్రొత్త ప్రాసెసరు తన విద్యలు కొన్నిటిని దాచుకొని పని చేయుచుండును.