నిజాంసాగర్: పొలాలకు వెళ్లే నీళ్లతోనే కరెంట్.. ఎలా తయారవుతుందంటే?

కామారెడ్డి జిల్లా నిజాంసాగర్ ప్రాజెక్టు పేరు వినగానే గుర్తొచ్చేది ఆయకట్టు, వరి పొలాలు. కానీ రైతుల కోసం వదిలే ఆ నీళ్లే దారిలో కరెంట్ కూడా పుట్టిస్తాయి. ఇక్కడ జెన్‌కోకు 10 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. మన దేశంలో 25 మెగావాట్ల లోపు ఉంటే చిన్న జల విద్యుత్ కేంద్రం కిందే లెక్క. నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రం సామర్థ్యం 815 మెగావాట్ల పైమాటే!

కరెంట్ ఎలా వస్తుంది?

రిజర్వాయర్‌లో ఎత్తున ఉన్న నీటిని పెద్ద పైపుల ద్వారా కిందికి వదులుతారు. ఆ వేగానికి టర్బైన్ గిర్రున తిరుగుతుంది. దాని ఇరుసుకే జనరేటర్ బిగించి ఉంటుంది. అందులో అయస్కాంతం రాగి తీగ చుట్టల మధ్య తిరగడంతో కరెంట్ పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ పెంచి గ్రిడ్‌కు పంపిస్తుంది. ఇందులో నీళ్లు ఒక్క చుక్క కూడా ఖర్చు కావు. టర్బైన్ దాటి నేరుగా ప్రధాన కాలువలోకి, అక్కడి నుంచి పొలాలకు వెళ్తాయి.

ఎంత వస్తుంది?

అంతా రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది. నీళ్లు ఎన్ని వస్తున్నాయి, ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి. ఉదాహరణకు వెయ్యి క్యూసెక్కులు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే సుమారు 2.3 మెగావాట్లు వస్తుంది. అందుకే రిజర్వాయర్‌లో నీటిమట్టం తగ్గేకొద్దీ అదే నీటికి వచ్చే కరెంటూ తగ్గిపోతుంది. 10 మెగావాట్ల కేంద్రం 24 గంటలూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2.4 లక్షల యూనిట్లు వస్తాయి.

మరి ఏడాదంతా ఎందుకు నడపరు?

అసలు విషయం ఇదే. ఇక్కడ సాగుకే మొదటి ప్రాధాన్యం, కరెంట్ ఆ తర్వాతే. కాలువకు నీళ్లు ఆపేస్తే, రిజర్వాయర్‌లో నీళ్లున్నా టర్బైన్లు ఆగిపోతాయి. కేవలం కరెంట్ కోసం నీళ్లు వదిలేస్తే యాసంగి పంటకు ఏం మిగులుతుంది? ఇక భారీ వరద వచ్చి గేట్లు ఎత్తినా లాభం లేదు. గేట్ల నుంచి మంజీరలోకి దూకే నీళ్లు టర్బైన్ వైపు రావు కాబట్టి వాటితో కరెంట్ రాదు.

అంటే ఇక్కడ టర్బైన్ తిరుగుతోందంటే, కింద ఆయకట్టుకు నీళ్లు వెళ్తున్నాయన్నమాట!