తప్పుల చిట్టా - దానిని నడుపు విధము



మన పల్లెలనుండి వెడలి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో సాఫ్టువేరు కొలువులు చేయు పిల్లలు నేడు పెక్కుమంది కలరు. "మా మనుమడు రాత్రి ప్రొద్దుపోవువరకు బగ్గులు, టికెట్లు అనుచు కూర్చుండును, ఆ పని యెట్టిదో మాకు బోధపడదు" అని పెద్దలు నన్నడుగుచుందురు. ఆ వృత్తిలోనున్న నా శిష్యులవలన నేను తెలిసికొన్న సంగతులను మీకు మనవి చేసెదను.

బగ్గు అనగా పురుగు. యంత్రములలోని లోపమునకు ఈ పేరు పూర్వమునుండియు కలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున, మార్క్ 2 అను గణనయంత్రములో నిజముగనే ఒక రెక్కలపురుగు చిక్కుకొనగా, పనివారు దానిని తీసి తమ దినచర్య పుస్తకమున అంటించి వివరము వ్రాసియుంచిరి. ఆ పుట నేటికిని అచ్చటి జాతీయ వస్తుప్రదర్శనశాలవారి యొద్ద భద్రముగా నున్నది. లోపము కనబడినంతనే పుస్తకమున కెక్కించుట ఈ విద్యకు మూలసూత్రము.

నేడు ఆ పుస్తకమునకు మారుగా కంప్యూటరులోనే చిట్టాలు కలవు. 1998లో వెలువడిన బగ్జిల్లా, 2002లో ఆస్ట్రేలియావారు తెచ్చిన జిరా అట్టివి. చేయవలసిన ప్రతి పనికిని, కనబడిన ప్రతి లోపమునకును అందొక సంఖ్యగల చీటీ యుండును. దానినే టికెట్టందురు. ఎవరు వ్రాసిరి, ఎవరు చేయుచున్నారు, ఎంతవరకు వచ్చినది అను వివరములన్నియు అందుండును. అయినను కరణముగారి లెక్కలవలెనే, దీనిని సరిగా వ్రాసిననేగాని ప్రయోజనము లేదు.

మొదటి నియమము: ఒక చీటీలో ఒక లోపమునే వ్రాయవలెను. మూడు లోపములను కలిపి వ్రాసినచో, రెండు తీరి ఒకటి మిగిలినప్పుడు ఆ చీటీని మూయుటకును వీలులేదు, ఉంచుటకును వీలులేదు.

రెండవ నియమము అన్నిటికంటె ముఖ్యము. చదివినవాడు ఆ లోపమును తన కన్నులతో మరల చూడగలుగునట్లు వ్రాయవలెను. ఒక సహకార సంఘమున అప్పుల లెక్క కంప్యూటరులో నడుచుచున్న దనుకొందము. "వడ్డీ లెక్క పనిచేయుటలేదు" అని వ్రాసిన నెవరికేమి తెలియును? "అప్పు తేదీ స్థానమున 2024 ఫిబ్రవరి 29 అని వ్రాసి మీట నొక్కితిని. వడ్డీ మొత్తము కనబడవలసియుండెను. అట్టి తేదీ లేదని వచ్చినది" అని వ్రాసినచో, అధికదినముగల సంవత్సరమును గణింపలేదని దిద్దువాడు వెంటనే గ్రహించును. ఏమి చేసితిని, ఏమి జరుగవలెను, ఏమి జరిగినది - ఈ మూడును చాలును.

దీని విలువ ప్రాణములంతటిది. థెరాక్ 25 అను యంత్రము పుట్టకురుపు రోగులకు కిరణచికిత్స చేయునది. 1986 మార్చిలో టెక్సాసు రాష్ట్రపు టైలరు పట్టణమున ఒక రోగికి మితిమీరిన కిరణములు తగిలెను. యంత్రము తెరపై చూపినది లోపము 54 అను పొడిమాట. తయారుచేసినవారు వచ్చి పరీక్షించిరి గాని, ఆ లోపము వారికి మరల కనబడలేదు. యంత్రమును తిరిగి వాడిరి. ఏప్రిలులో మరియొక రోగికి అదే గతి పట్టెను. ఇద్దరును మరణించిరి. అప్పుడు ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త, యంత్రమును నడుపు ఉద్యోగినితో కూర్చుండి, ఆమె చేసిన పనులనే వరుసగా మరల మరల చేయించెను. వ్రాసినదానిని అతివేగముగా దిద్దినప్పుడే లోపము కలుగుచున్నదని బయటపడెను. అంతకుముందు 1985లో ఇతర ఆసుపత్రులలోను ఇట్టి ప్రమాదములు జరిగియుండెను. ఒకచోటి వార్త మరియొకచోటికి చేరలేదు. కావున ఒకే లోపమును గూర్చి రెండు చీటీలు వచ్చినచో, రెండవదానిని పారవేయక మొదటిదానితో ముడివేయవలెను.

మూడవ నియమము: తీవ్రత వేరు, తొందర వేరు. సంఘము పేరే మొదటి పుటలో తప్పుపడినచో అది చిన్న లోపమే. కాని నేడే దిద్దవలెను. ఎవరును తెరువని పాత పట్టిక నిలిచిపోయినచో లోపము పెద్దది. అయినను కొన్నాళ్లు ఓర్వవచ్చును.

నాల్గవది: ప్రతి చీటీపైన ఒక్కరి పేరే యుండవలెను. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చెనన్న సామెత మనకు తెలిసినదే. పెద్దపనిని రెండు మూడు దినములలో ముగియు చిన్నపనులుగా విడదీసి, వారమున కొకమారు అందరును కూర్చుండి చిట్టాను పరిశీలింపవలెను.

ఐదవది: దిద్దినవాడే చీటీని మూయరాదు. వేరొకరు మొదట వ్రాసిన వరుసనే నడచి, లోపము తీరెనని చూచిన పిమ్మటనే మూయవలెను. మరల కనబడినచో సిగ్గుపడక తెరువవలెను.

ఈ నియమములు మనకును పనికివచ్చును. చేతిఫోనులో పింఛను సొమ్మో, బ్యాంకు లెక్కయో సరిగా కనబడనప్పుడు, "ఇది చెడిపోయినది" అని విసుగుకొనక, తేదీయు, నొక్కిన మీటయు, తెరపై కనబడిన మాటయు ఒక కాగితముపై వ్రాసియుంచుడు. మీ మనుమని కది చూపినచో, అతడు మీ మాటను వెంటనే అందుకొనగలడు.